బాగుందని చెప్పిన రిపోర్టు

ఆరేళ్ళుగా ఒక మనిషి ముక్కులోకి చూడాలంటే నా చేతులు చల్లబడుతున్నాయి.

నేను ముక్కు, చెవి, గొంతు డాక్టర్ని. రాజమండ్రిలో పాతికేళ్ళకు పైగా ఇదే పని. ఆరు నెలలకోసారి ఆ మనిషి వచ్చి నా ఎదుటి కుర్చీలో కూర్చునేవారు. నల్ల కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుని, తల వెనక్కి వాల్చి, తన ముఖాన్ని నాకు అప్పగించేవారు. ఎడమ కన్ను ఉండాల్సిన చోట చర్మం తప్ప ఏమీ లేదు. ఆ కన్ను జబ్బు వల్ల పోయిందని ఆయన అనుకునేవారు. తన వల్ల పోయిందని ఆయన భార్య అనుకునేవారు. అసలు సంగతి నాకు తెలుసు. నాకు ఒక్కదానికే తెలుసు.

నా పేరు ఇక్కడ రాయను. ఎందుకు రాయనో ఒక్క ముక్కలో చెబుతాను. భయం. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నానేమో. నా మంచితనం గురించి ఇంతకుముందు మీరు విని ఉండరు కదా. అది కూలిపోతుందన్న బెంగ మీ దగ్గర లేదు.

ఆయన పేరు కూడా మారుస్తున్నాను. భూషణం గారు అందాం. ఆయన భార్య సత్యవతి గారు.

భూషణం గారు ధవళేశ్వరంలో వడ్రంగి. మామూలు వడ్రంగి కాదు, గుమ్మాలు చెక్కడంలో పేరున్న మనిషి. కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్ళు ఏ మండపేట నుంచో తణుకు నుంచో వచ్చి, సింహద్వారం మాత్రం ఈయన చేతే చెక్కించాలని నెలల తరబడి ఆగేవారట. లతలు, చిలకలు, పైన కమలం. ముప్పై ఏళ్ళు షెడ్డులో టేకు పొట్టు పీల్చారు. మొదటిసారి నా దగ్గరికి వచ్చినరోజే ఆ సంగతి చెప్పారు. ఏం పని చేస్తారండీ అని అడిగి, కేసు షీటు మీద నా చేత్తోనే రాసుకున్నాను, ‘వడ్రంగి’ అని.

ఆ మాట చాలు. ఏళ్ళ తరబడి కర్రపొట్టు పీల్చేవాళ్ళకి ముక్కు పైభాగంలో, రెండు కళ్ళ మధ్య తేనెపట్టులా ఉండే సన్నటి ఎముకల గదుల్లో, ఒక అరుదైన క్యాన్సర్ వస్తుందని నేను చదువుకున్నాను. పరీక్షలో రాశాను కూడా. అప్పటిదాకా ఒక్క కేసూ చూడలేదు. కళ్ళతో చూడనిదాన్ని మనిషి మరిచిపోతుందా, లేక మన ఊరికి రాదులే అనుకుంటుందా?

ఎడమ ముక్కు మూసుకుపోయిందన్నారు. చీదితే ఒక్కోసారి రక్తపు చార. ఎడమ కంట్లో ఊరికే నీరు. లోపల గొట్టం పెట్టి చూస్తే గులాబీ రంగులో కండ. అలర్జీ వల్ల పెరిగే కండలు మామూలుగా రెండు వైపులా ఉంటాయి. ఒక్కవైపే ఉంటే అనుమానించమని మా గురువుగారు నేర్పిన మొదటి పాఠం. సీటీ స్కాన్ తీయించాను. ఎడమవైపు గదులన్నీ బూడిదరంగుగా నిండిపోయి ఉన్నాయి. కంటికీ ముక్కుకీ మధ్య గోడ ఉల్లిపొర కాగితంలా పలచబడింది. పలచబడిందంతే, తెగలేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోలేకపోతున్నది అదే.

ఆపరేషన్ చేశాను. బయట కోత లేకుండా, ముక్కు లోంచే, కెమెరా గొట్టం పెట్టి. మా ఊళ్ళో ఆ పద్ధతి బాగా చేస్తానని నాకు పేరు. ఆ పేరంటే నాకు ఎంత ఇష్టమో అప్పట్లో నాకే తెలియదు. ఆ రోజు రక్తం మామూలుకన్నా ఎక్కువ వచ్చింది. మామూలు కండ జారుతూ, సాగుతూ వస్తుంది. ఇది పట్టుకుంటే పొడిపొడిగా రాలింది. తలకు తట్టకముందే చేతికి తెలిసింది. ముక్కలు ఫార్మలిన్ సీసాలో వేయించి పరీక్షకి పంపాను. అంతవరకు నేను చేసింది సరైనదే. చూశారా, ఈ మాట ఇక్కడ చెప్పుకోవడంలో కూడా నన్ను నేను కాపాడుకునే బుద్ధి ఎలా తొంగిచూస్తోందో.

రెండు వారాలకి భార్యాభర్తలిద్దరూ వచ్చారు. సోమవారం. ఓపీ కిక్కిరిసి ఉంది. ఆయన ముక్కులోకి చూశాను. ఎక్కడా పుండు లేదు, పొక్కు లేదు. ఎంత శుభ్రంగా చేశానో అని నాకే ముచ్చటేసింది.

“గాలి ఎలా ఆడుతోందండీ?” అన్నాను.

“ఏం చెప్పమంటారండీ డాక్టరమ్మగారూ. టేకు వాసన తెలిసి ఎన్నాళ్ళయిందో. మొన్న చిత్రిక పడుతుంటే గుప్పున తగిలిందండీ. పని ఆపేసి అలా కూర్చుండిపోయాను.”

సత్యవతి గారు కొంగు సర్దుకుని, కాస్త జంకుతూ అడిగారు. “ఆ ముక్క పరీక్షకి పంపారు కదండీ. వచ్చిందాండీ?”

వచ్చింది. నా బల్ల మీద ట్రేలో, ఇంకో పది కవర్ల కింద ఉంది. చెయ్యి చాస్తే అందేది. చించి చదవడానికి అరనిమిషం. తలుపు దగ్గర ఎవరో పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. నా కళ్ళముందు అంత శుభ్రమైన ముక్కు. నేను చెయ్యి చాచలేదు.

“వచ్చిందండీ. బాగుంది. కంగారు పడాల్సిందేం లేదు” అన్నాను.

సత్యవతి గారు రెండు చేతులూ జోడించారు. నాకు కాదు, గోడ మీది క్యాలెండర్లో ఉన్న వేంకటేశ్వరస్వామికి.

ఆ క్షణంలో నేను అబద్ధమాడానా? అప్పటికి కాదేమో. తొందరపడ్డాను. చూడనిదాన్ని చూశానన్నాను, అంతే. సాయంత్రం కవరు తెరిచి ఉంటే, ఆ సాయంత్రమే ఫోన్ చేసి ఉంటే, పొరపాటైందండీ అని ఒక్క మాట అంటే సరిపోయేది. తెరవలేదు. మర్నాడు బంధువుల వ్రతానికి అన్నవరం వెళ్ళాను. వచ్చాక వరసగా ఆపరేషన్లు. ట్రేలో కవర్ల మీద కవర్లు పడ్డాయి. ల్యాబ్‌లో ఆ ముక్కని పరీక్ష చేసిన శాస్త్రి గారు రెండుసార్లు ఫోన్ చేశారని సిస్టర్ చెప్పింది. తర్వాత చేద్దామనుకున్నాను.

పదకొండో రోజున తెరిచాను.

అడినోకార్సినోమా. క్యాన్సర్. కింద శాస్త్రి గారు సిరాతో రాశారు, ‘వెంటనే నాతో మాట్లాడండి’ అని.

చదివిన తర్వాత ఏం జరిగిందో మీకు సరిగ్గా చెప్పాలి, ఎందుకంటే నా అసలు తప్పు అక్కడే మొదలైంది. నాకు ముందుగా గుర్తొచ్చింది భూషణం గారు కాదు. నా గొంతు గుర్తొచ్చింది. ‘వచ్చిందండీ, బాగుంది’ అన్న నా గొంతు. గదిలో నేనొక్కదాన్నే ఉన్నా కాగితాన్ని బోర్లా పెట్టాను.

శాస్త్రి గారికి ఫోన్ చేశాను. పెద్దాయన, జాగ్రత్త గల మనిషి. “బాగా మొదట్లోనే దొరికిందమ్మా. కంటి గోడ దాటలేదన్నావు కదా. ఆలస్యం చేయకుండా పెద్ద సెంటరుకి పంపు, మొత్తం తీసేస్తారు. పేషెంటుకి చెప్పావా?” అన్నారు.

“చెప్పానండీ. వైజాగ్ పంపిస్తున్నాను” అన్నాను.

ఎందుకన్నాను? ఆయన నన్నేమీ దబాయించలేదు. ఇంకా చెప్పలేదండీ, ఇవాళ చెబుతాను అంటే ఆయన సరేననేవారు. భయపడ్డ మనిషి నోరు ముందు అబద్ధాన్నే వెతుక్కుంటుందని ఆ రోజు తెలిసింది. ఆయన నమ్మారు. ఇక మళ్ళీ అడగలేదు. ఈ సంగతి తెలిసి, నన్ను అడగగలిగిన ఒకే ఒక్క మనిషి నోరు అలా నేనే మూసేశాను.

భూషణం గారి నంబరు నొక్కబోయి ఆగాను. మర్నాడు మళ్ళీ నొక్కబోయాను. ఏమని చెప్పాలి? ‘చూడకుండా బాగుందన్నాను’ అనాలి. ఆ ఒక్క వాక్యం నా నోట్లో పట్టడం లేదు. ఆ మధ్యనే పక్క ఊళ్ళో ఏదో కేసు తేడా వచ్చి, చుట్టాలంతా వచ్చి ఒక డాక్టరు ఆస్పత్రి అద్దాలు పగలగొట్టారు. నా కళ్ళముందు మా ఆస్పత్రి అద్దాలు కనిపించేవి. మా ఆయనకి ఏం చెప్పను? నా దగ్గర పని నేర్చుకున్న పిల్లలకి ఏం చెప్పను? ఇవన్నీ ఆలోచించాను. ఒక మనిషి ముక్కులో ఏం పెరుగుతోందో ఆ లెక్కలో ఎక్కడా వేసుకోలేదు. కాదు, వేసుకున్నాను. వేసుకుని పక్కన పెట్టాను.

ఒకరోజు మధ్యాహ్నం కారేసుకుని ధవళేశ్వరం వెళ్ళాను. ఎదురుగా వెళ్ళి చెప్పేద్దామని. ఆయన షెడ్డుకి రోడ్డవతల, బ్యారేజీ వైపు వెళ్ళే లారీలు ఆగే చోట కారు ఆపాను. షెడ్డు ముందు ఒక దిమ్మె మీద కూర్చుని గుమ్మం చెక్కుతున్నారాయన. ఉలి మీద సుత్తి తేలిగ్గా పడుతోంది. మధ్యలో ఊది, పొట్టు ఎగరగొట్టి, కన్ను దగ్గరగా పెట్టి చూసుకుంటున్నారు. పక్కనున్నాయన ఏదో అంటే నవ్వారు. ఎంత ఆరోగ్యంగా ఉన్నారో అనుకున్నాను. మొత్తం తీసేశాను కదా, ఏమీ మిగల్లేదేమో అనుకున్నాను. మూడో నెలలో చూపించుకోవడానికి వస్తారు కదా, అప్పుడు మామూలుగానే ఒక ముక్క తీసి మళ్ళీ పంపితే, కొత్తగా తెలిసినట్టు చెప్పొచ్చు అనుకున్నాను. ఈ ఉపాయం తట్టగానే నాకు ఊపిరి ఆడింది. కారు దిగలేదు. వెనక్కి తిప్పుకుని వచ్చేశాను.

మూడో నెలలో ఆయన రాలేదు. ఎందుకొస్తారు? బాగుందని చెప్పింది నేనే కదా.

ఆ నెలలు ఎలా గడిచాయో చెప్పలేను. ధవళేశ్వరం నుంచి వచ్చామని ఎవరైనా పేషెంట్లు అంటే, భూషణం గారు తెలుసాండీ అని అడగబోయి నాలుక కరుచుకునేదాన్ని. రిపోర్టు నా దగ్గరే ఉంది. చింపేయడానికి భయం, దాచుకోవడానికి భయం. చివరికి ఇంట్లో బీరువాలో, పట్టుచీరల అడుగున పెట్టాను. ఆ ఏడు ఏ పెళ్ళికీ పట్టుచీర కట్టలేదు. పూజ దగ్గర కూర్చుంటే ఏం కోరుకునేదాన్నో తెలుసా? ఆయన బాగుండాలని కాదు. ఆయన ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళకుండా ఉండాలని.

ఏడో నెల దాటాక వచ్చారు. తలుపు తీసుకుని లోపలికి రాగానే చూశాను. ఎడమ కన్ను ముందుకీ, పక్కకీ నెట్టుకొచ్చింది. కనుగుడ్డు కదలడం లేదు. పరీక్షించకుండానే అర్థమైంది. ఆ ఉల్లిపొర తెగింది.

నేనేమన్నానో వినండి. “ఇంత ఆలస్యం చేశారేంటండీ?” అన్నాను.

సత్యవతి గారి ముఖం పాలిపోయింది. “నేను చెబుతూనే ఉన్నానండీ. దిండు మీద రక్తం మరకలు కనబడినప్పటినుంచీ పోరుతున్నాను. ఈయనే, డాక్టరమ్మగారు చూసి బాగుందన్నారు కదా, మళ్ళీ మళ్ళీ వెళ్ళి విసిగించడం ఎందుకే అని...”

“మీరు పట్టుబట్టి తీసుకురావాల్సిందమ్మా” అన్నాను.

అవును, అన్నాను. ఆ మాట వెనక కుట్ర లేదని చెప్పుకోవాలని ఉంది. కానీ అంటున్నప్పుడు నా గుండె తేలికపడటం నాకు తెలుసు. మోయలేని మూటని పక్కనున్న మనిషి నెత్తికి ఎత్తాను. ఆవిడ ఎత్తించుకున్నారు. తర్వాత, ‘ఇది ఆపరేషన్ అయ్యాక కొత్తగా వచ్చినట్టుంది’ అని కూడా అన్నాను. భూషణం గారు తల ఊపారు. అంతా నమ్మే మనిషి. నమ్మే మనిషి ఎదుట నిలబడటంకన్నా భయంకరమైంది ఇంకోటి నేను చూడలేదు.

వైజాగ్‌లో మా సీనియర్ దగ్గరికి పంపాను. ఆపరేషన్ రోజున నేనూ వెళ్ళాను. పేషెంటు కోసం ఇంత దూరం వచ్చిందని అక్కడ అందరూ మెచ్చుకున్నారు. నేను వెళ్ళింది కాపలాకి. ఎవరు ఏం అడుగుతారో, ఎక్కడ ఏం బయటపడుతుందో అని. పొద్దున్న మొదలుపెడితే సాయంత్రందాకా పట్టింది. మెదడు డాక్టరు పైనుంచి నుదుటి ఎముక తెరిచి మెదడు పొరని పైకెత్తి పట్టుకుంటే, మా సీనియర్ కింద నుంచి కణితిని విడదీస్తూ వచ్చారు. మెదడు పొర దెబ్బతినలేదు. కన్ను దగ్గరికి వచ్చేసరికి ఆయన చేతులు ఆగాయి. కణితి కంటి వెనక కొవ్వులోకి, కండరాల్లోకి చొచ్చుకుపోయింది. మాస్కు పైనుంచి నావైపు చూసి తల అడ్డంగా ఊపారు. కన్ను తీసేశారు.

తర్వాత టీ తాగుతూ ఆయన అడిగారు. “మొదట నువ్వు పంపిన బయాప్సీ ఏమని వచ్చింది?”

ఆ ప్రశ్న కోసమే నేను ఏడు నెలలుగా జవాబు తయారుచేసుకుని ఉన్నాను. “మామూలు కండేనని వచ్చింది సార్. కాగితం ఎక్కడో పోయింది” అన్నాను.

“ఆ ముక్క పెట్టి చూసిన గాజు స్లైడ్లు ఉంటాయిగా, తెప్పించు.”

“శాస్త్రి గారు పోయారు సార్. ల్యాబ్ మూసేశారు.”

అది నిజమే. రెండు నెలల ముందే ఆయన గుండెపోటుతో పోయారు. మా సీనియర్ నిట్టూర్చారు. “పెద్దవాడైపోయాడు పాపం. దృష్టి తప్పి ఉంటుంది” అన్నారు. నేను కప్పులోకి చూస్తూ కూర్చున్నాను. ముప్పై ఏళ్ళలో ఒక్క స్లైడ్ తప్పు చదవని మనిషి. సరిగ్గా చదివి, సిరాతో రాసి, రెండుసార్లు ఫోన్ చేసిన మనిషి. చచ్చిపోయి కూడా నా తప్పు మోశారు.

భూషణం గారు బతికారు. రేడియేషన్ ఇచ్చారు, తట్టుకున్నారు. నిజం చెప్పాలంటే ఆయన బతకడం నాకు ఒక రకంగా శిక్ష. ఇలా రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ పోయి ఉంటే ఏడ్చి, మర్చిపోయేదాన్నేమో. ఆరు నెలలకోసారి ఆయన వచ్చేవారు. వైజాగ్ అంత దూరం ఎందుకండీ, మీరున్నారు కదండీ అనేవారు. గొట్టం లోపలికి పంపితే ఒకప్పుడు చిన్న చిన్న గదులున్న చోట ఇప్పుడు ఒకటే ఖాళీ. ఆ ఖాళీలో నేను మళ్ళీ ఏదైనా పెరుగుతోందేమోనని వెతికేదాన్ని. కనబడకూడదని కోరుకునేదాన్ని, ఆయన కోసమో, నా కోసమో.

ఒక కన్నుతో లోతు తెలియదట. ఉలి ఎంత లోపలికి దిగిందో బొటనవేలితో తడిమి చూసుకునేవారట. రెండుసార్లు వేలు తెగాక చెక్కుడు మానేశారు. ఇప్పుడు సాదా గుమ్మాలే. వాసన పూర్తిగా పోయింది. ఇవన్నీ ఆయన ఫిర్యాదుగా చెప్పలేదు. వానలు లేవండీ ఈ ఏడు అన్నట్టు చెప్పేవారు.

పోయిన నెల వచ్చారు. స్కాన్ చూశాను. అంతా శుభ్రంగా ఉంది. ఇక ఏడాదికోసారి వస్తే చాలండీ అన్నాను. భూషణం గారు నవ్వారు. సత్యవతి గారు మాత్రం కదల్లేదు. కూర్చునే అడిగారు.

“అయితే దేవుడు నన్ను క్షమించాడనుకోవచ్చాండీ?”

“దేనికమ్మా?”

“ఆరేళ్ళనుంచి శనివారాలు ఒంటిపూటే తింటున్నానండీ. మీరన్నారు కదండీ, పట్టుబట్టి తీసుకురావాల్సిందని. నిజమే కదండీ. నేను గట్టిగా పట్టుబట్టి ఉంటే ఈయనకి కన్ను దక్కేది.”

ఆ మాట నేనన్నానని నాకు గుర్తుంది. ఆవిడకి గుర్తుందని తెలియదు. నేనొక కవరు బీరువాలో దాచుకుని ఆరేళ్ళు భయపడ్డాను. ఆవిడ నేనన్న ఒక్క ముక్క పట్టుకుని ఆరేళ్ళు పస్తులున్నారు.

“తప్పు మీది కాదమ్మా, నాది” అన్నాను. “మొదటిసారి రిపోర్టు బాగుందని చెప్పాను కదా. చూడకుండా చెప్పాను.”

“చూడకుండానాండీ?” అన్నారు భూషణం గారు. కోపం లేదు. ఆశ్చర్యం కూడా సరిగ్గా లేదు. అంతలోనే నాకు దారి ఇచ్చేశారు. “ఆ రోజు జనం మరీ ఎక్కువున్నారండీ. పని ఒత్తిడి. ఎవరికైనా జరుగుతుంది.”

“అవునండీ” అన్నాను.

అక్కడితో ఆగిపోదామనుకున్నాను. మీకు చెప్పాల్సిన ముక్కల్లో ఇదొకటి. నిజం చెప్పడానికి నోరు తెరిచి కూడా, సగం చెప్పి, ఆ మంచి మనిషి చూపించిన తలుపులోంచి తప్పించుకోబోయాను. సత్యవతి గారు పోనివ్వలేదు.

“మరి ఎప్పుడు చూశారండీ?”

“... పదకొండో రోజున.”

“పదకొండో రోజునా?” ఆవిడ భర్త వైపు చూశారు. “అప్పటికి ఈయన కన్ను బాగానే ఉంది కదండీ.”

“ఉంది.”

“అందులో క్యాన్సర్ అని రాసుందాండీ?”

“రాసి ఉంది.”

“మరి మాకెందుకు చెప్పలేదండీ?”

“భయమేసిందమ్మా.”

“మీకు భయమేసింది” అన్నారావిడ. అంతే. అడగలేదు, తిట్టలేదు. నేనన్న మాటనే నా ముందు పెట్టారు.

భూషణం గారు కళ్ళద్దాలు తీసి, పెట్టుకుని, మళ్ళీ తీశారు. “అప్పుడే వైజాగ్ వెళ్ళుంటే కన్నుండేదాండీ?”

“ఖచ్చితంగా ఎవరూ చెప్పలేరండీ.” అలవాటుగా వచ్చేసింది ఆ డాక్టరు మాట. మింగేసుకుని మళ్ళీ చెప్పాను. “ఉండేదనే నా నమ్మకం.”

ఆయన లేచారు. లేచేటప్పుడు బల్ల అంచు తడుముకున్నారు. ప్రతిసారీ ‘వస్తానండీ’ అనే మనిషి తిన్నగా తలుపు వైపు నడిచారు. సత్యవతి గారు బల్ల మీదున్న స్కాన్లు, కాగితాలు అన్నీ ఒక్కొక్కటిగా సంచీలో సర్దుకున్నారు.

“ఆ కాగితం కూడా కావాలండీ” అన్నారు.

మర్నాడు పొద్దున్న పట్టుచీరల అడుగునుంచి తీసి నేనే తీసుకెళ్ళాను. ఈసారి కారు దిగాను. ఇంటి ముందు సత్యవతి గారు ముగ్గు వేస్తున్నారు. భూషణం గారు లోపల ఉన్నట్టున్నారు, దగ్గు వినబడింది, బయటికి రాలేదు. ఆవిడ చెయ్యి కడుక్కుని వచ్చి కవరు అందుకున్నారు. లోపలికి రమ్మనలేదు. మంచినీళ్ళు కావాలా అని అడగలేదు. విప్పి, ఇంగ్లీషు అక్షరాలు చదవలేకపోయినా, పైనున్న తేదీ మీద వేలు పెట్టి కాసేపు చూశారు.

“పట్టుబట్టాల్సిందని నన్నన్నప్పుడు ఇది మీ దగ్గరే ఉందాండీ?”

“ఉందమ్మా.”

ఆవిడ కవరు మడిచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

వైజాగ్‌లో మా సీనియర్‌కి ఉత్తరం రాశాను, శాస్త్రి గారు సరిగ్గానే చదివారని, కాగితం పోలేదని. జవాబు రాలేదు. శాస్త్రి గారి భార్య ఇప్పుడు ఎక్కడున్నారో వెతుకుతున్నాను. భూషణం గారి కుటుంబం నుంచి ఏ కబురూ లేదు. వాళ్ళు ఫిర్యాదు చేయొచ్చు. చేయకపోవచ్చు. అద్దాలు పగలొచ్చు. ఆస్పత్రి గేటు చప్పుడైతే ఇప్పటికీ ఉలిక్కిపడుతున్నాను. ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు. క్షమించమని వాళ్ళని అడగలేదు. అడిగితే, అది కూడా వాళ్ళ నెత్తిన పెట్టినట్టవుతుందేమో అనిపించింది. ధైర్యం లేక అడగలేదేమో కూడా. రెండూ నిజమే అయ్యుండొచ్చు.

మరి మీకెందుకు చెబుతున్నాను? ఆ రోజు గదిలో నిజం నేనుగా చెప్పలేదు. సత్యవతి గారు ఒక్కొక్క ప్రశ్నతో ముల్లు తీసినట్టు తీశారు. ఎవరూ అడక్కుండా, ఎవరూ దారి చూపించకుండా, ఒక్కసారైనా పూర్తిగా చెప్పాలనిపించింది. క్యాన్సర్ అని నాకు పదకొండో రోజునే తెలుసు. ఏడు నెలలు తెలిసే ఊరుకున్నాను. తెలిసే ఆ నిందని ఒక భార్య మీద, చనిపోయిన ఒక పెద్దాయన మీద వేశాను.

రేపో మాపో ఎవరో ఒకరు వచ్చి ఇదంతా ఎలా జరిగిందని అడుగుతారు. భయం అలాగే ఉంది. ఏం జవాబు చెప్పాలా అన్న ఆలోచన మాత్రం ఇక లేదు.